తిండి దగ్గర నిలబడండి: వాన తగ్గే వేళ నేర్చుకున్న పన్నెండు పాఠాలు

మన దగ్గర ఎండాకాలం తిన్నగా శరత్తులోకి వెళ్లదు. మధ్యలో వాన ఉంటుంది. రోహిణి ఎండకు మాడిన నేల మృగశిరలో తడిసి, ఆరుద్ర, పుష్యమి కార్తెల్లో పచ్చబడి, ఉత్తర, హస్త కార్తెలు వచ్చేసరికి నడుం ఎత్తు గడ్డితో నిండిపోతుంది. నైరుతి రుతుపవనాలు తెలంగాణను వదిలి వెళ్లేది సాధారణంగా అక్టోబరు రెండో వారం ప్రాంతంలో. భాద్రపదం నుంచి కార్తీకం దాకా ఉన్న ఈ రోజుల్లో ఊరి చుట్టూ జీవాలు లెక్కలేనన్ని ఉంటాయి. గడ్డి, ఆకు గుబురుగా ఉండడంతో వాటిని చూడడం మాత్రం కష్టం.

నా ఉద్యోగమంతా వ్యవసాయ శాఖలో, సంగారెడ్డి, జోగిపేట, నారాయణఖేడ్ వైపు పొలాల గట్ల మీదే గడిచింది. ఏ పంటకు ఏ పురుగు తగిలింది, ఎంత తగిలింది అని చూడడం మా పని. పురుగును చూడబోతే దాన్ని తినే పిట్ట, ఆ పిట్ట మీద కన్నేసిన డేగ, గింజ తినే ఎలుక, ఎలుక కోసం వచ్చే పాము వరసగా కనపడేవి. రిటైరయ్యాక ఇప్పుడు మనవలు, వాళ్ల స్నేహితులు మెడలో బైనాక్యులర్లు వేసుకొని వచ్చి, “తాతా, ఎటు పోతే ఏం కనపడతది?” అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పిన మాటల్నే ఇక్కడ వరసగా పెడుతున్నాను.

1. జీవాన్ని వెతక్కండి, దాని తిండి ఎక్కడుందో చూడండి

నాలుగు నెలల వాన పెంచిందంతా ఈ రోజుల్లో ఎవరో ఒకరికి తిండి అవుతుంది. గడ్డి గింజ పడుతుంది. జొన్న కంకి పాలు పోసుకుంటుంది. మిడతలకు రెక్కలు పూర్తిగా వచ్చి ఉంటాయి. వరి మళ్లలో నత్తలు బలిసి ఉంటాయి. గుట్టల మీద సీతాఫలం కన్ను విప్పుతుంది. వీటిలో ఏదో ఒకటి బాగా ఉన్నచోట అరగంట కదలకుండా నిలబడితే, తినేవాళ్లు తామే వస్తారు.

గింజ పట్టిన గడ్డి దగ్గర చిన్న చిన్న జీనువాయి పిట్టలు గుంపులుగా దిగుతాయి. ట్రాక్టర్ దున్నుతున్నా, గేదెలు మేస్తున్నా వాటి వెంట కొంగలు, ఏట్రింతలు, గోరింకలు చేరతాయి, ఎందుకంటే కదిలిన గడ్డిలోంచి మిడతలు ఎగురుతాయి. నత్తలున్న మడిలో నత్తగుల్ల కొంగ ముక్కు ముంచి వెతుకుతుంటుంది. దాని ముక్కు పై, కింది భాగాల మధ్య ఉండే సందు దూరం నుంచే తెలుస్తుంది. జెముడుకాకి కూడా నత్తల కోసం గట్టు వెంబడి నడుస్తుంది. సీతాఫలం పండిన గుట్టకు పగలు చిలుకలు, పికిలిపిట్టలు, ఉడుతలు వస్తే, రాత్రి మానుపిల్లి వస్తుంది. అడవి దగ్గరగా ఉన్న గుట్టలకు ఎలుగుబంటి కూడా వస్తుంది కాబట్టి, మసకచీకట్లో అక్కడికి పోవద్దని పిల్లలకు ముందే చెబుతాను.

చూడదలచిన జీవం పేరు రాసుకొని బయలుదేరినవాళ్లు చాలాసార్లు ఊరికే తిరిగి వస్తారు. ఇవాళ ఏ చేను ఏ దశలో ఉందో రైతును అడిగి బయలుదేరినవాళ్లకు అలా జరగడం అరుదు. ఈ తర్వాత చెప్పేవన్నీ ఈ ఒక్క మాటకు వివరాలే.

2. చెరువు నిండి ఉంటే నీళ్ల మీద కాదు, కట్ట కింద చూడండి

సెప్టెంబరులో చెరువు అలుగు పారుతుంటే పట్నం పిల్లలు కట్టెక్కి చూసి, “పిట్టలే లేవు” అంటారు. పొడుగు కాళ్ల పిట్టలకు కావలసింది లోతు నీళ్లు కాదు, అడుగు లోపు తడి, బురద. నిండిన చెరువులో అవి ఉండవు. కట్ట కింద, తూము నీళ్లు పారే వరి మళ్లలో, అలుగు దాటి నీరు పలచబడే చోట ఉంటాయి. ఉల్లంకి పిట్టలు, తెల్లకొంగలు, గట్టు మీద లకుముకి పిట్ట, మళ్ల మధ్య తీతువు, అన్నీ అక్కడే.

లోతు నీళ్ల వైపు చూడాలనుకుంటే తామర, కలువ ఉన్న మూలకు వెళ్లండి. పొడుగాటి వేళ్లతో తామరాకుల మీద నడిచే జకానా ఈ రోజుల్లో పిల్లలతో ఉంటుంది. గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ మగపిట్టే. ఆడది ఒక గూటిలో గుడ్లు పెట్టి ఇంకో మగపిట్ట దగ్గరికి వెళ్లిపోతుంది.

సంక్రాంతి నాటికి నీరు తగ్గి చెరువు అంచున బురద తేలుతుంది. కట్ట కింద చూసిన పిట్టలు అప్పుడు పైకి వస్తాయి. హైదరాబాదులో ఉన్నవాళ్లకు ఇది చూడడానికి అమీన్‌పూర్ చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలం నాటి ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో నగర పరిధిలోని నీటి వనరుకు అలాంటి గుర్తింపు రావడం అదే మొదలు. ఒకే చెరువును వినాయక చవితికి ఒకసారి, దీపావళికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి చూడండి. నీటిమట్టాన్ని బట్టి పిట్టలు ఎలా మారతాయో మూడు చెరువులు తిరిగినదాని కంటే బాగా తెలుస్తుంది.

3. వలస పిట్టలు చలితోనే వస్తాయని అనుకోవద్దు

స్వెటర్లు తీసే రోజులకు వలస పిట్టలు వస్తాయని చాలామంది నమ్మకం. నిజానికి తొలి గుంపు శ్రావణంలోనే దిగుతుంది. ఉత్తరాన గూళ్లు పెట్టిన ఉల్లంకి పిట్టలు ఆగస్టు నాటికే మన వరి మళ్లలో ఉంటాయి. వాటి వెనకే ఆగస్టు చివర, సెప్టెంబరులో కాటుకపిట్టల్లో ఒక రకం వస్తుంది. బూడిదరంగు వీపు, పసుపు పొట్ట, ఎప్పుడూ ఊగుతూనే ఉండే పొడుగు తోక. ఊళ్లో ఏడాది పొడవునా ఉండే నలుపు తెలుపు కాటుకపిట్టకూ దీనికీ తేడా పొట్ట రంగులో తెలుస్తుంది. పారే నీళ్లున్న చోట, వాగు రాళ్ల మీద, ఒక్కోసారి ఇంటి డాబా మీద నిలిచిన వాన నీళ్ల దగ్గర కూడా దిగుతుంది.

గులాబి గోరింకలూ తొందరపడే వచ్చే పిట్టలే. మధ్య ఆసియాలో మిడతలు బాగా ఉన్న చోట గూళ్లు పెట్టి, మన జొన్న చేల మీదికి వందల గుంపులుగా వస్తాయి. జొన్న చేలో మంచె కట్టి, వడిసెల తిప్పి, డబ్బాలు మోగించి కాపలా కాసిన తరానికి వీటిని ఎవరూ చూపించనక్కర్లేదు. ఇప్పుడు జొన్న తగ్గి పత్తి పెరిగింది. గోరింకల గుంపు చూడాలంటే జొన్న మిగిలిన ఊరు వెతకాలి, లేదా సాయంత్రం అవి నిద్రకు చేరే తుమ్మ చెట్ల దగ్గర నిలబడాలి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో పొన్నంకి పిట్ట దక్షిణానికి పోతూ మన మీదుగా వెళ్తుంది. రాత్రి ప్రయాణం చేసి అలసి, తెల్లవారేసరికి అపార్ట్‌మెంట్ పూలకుండీల మధ్యో, బడి ఆవరణలోనో దిగుతుంది. కిటికీ అద్దానికి తగిలి పడిపోవడమూ ఉంది. తొమ్మిది రంగుల పిట్ట కనపడిందని పదిమంది చుట్టూ మూగితే దానికి ప్రాణం మీదికొస్తుంది. గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, సద్దు లేని చోట పెట్టండి. కాకులు, పిల్లులు లేని వేళ చూసి చెట్ల మధ్య వదిలేయండి. రెక్క విరిగినట్టుంటే అటవీ శాఖవాళ్లకు ఫోన్ చేయండి.

బాతుల గుంపులు అక్టోబరులో మొదలై నవంబరుకు నిండుతాయి. హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చే పట్టెతల బాతులు ఇంకాస్త ఆలస్యంగా, చలి బాగా పడ్డాక కనపడతాయి.

4. ఆగిపోయిన అరుపును కూడా వినండి

వచ్చినవాళ్లను గుర్తుపట్టడం తేలిక, వెళ్లినవాళ్లను గుర్తుపట్టాలంటే చెవి పెట్టాలి. ఎండాకాలమంతా తెల్లవారుజామునే నిద్ర లేపిన కోయిల సెప్టెంబరుకు దాదాపు మౌనం పడుతుంది. అది ఊరు విడిచి పోలేదు, పాడే పని అయిపోయింది అంతే. దాని పిల్ల మాత్రం కాకి వెంట నోరు తెరుచుకొని అరుస్తూ తిరుగుతుంటుంది. ఆ అరుపు విని తల తిప్పితే, కాకి తనది కాని పిల్ల నోట్లో తిండి పెట్టడం చూడొచ్చు.

చాతకం కథ వేరు. జూన్ గాలులతో పాటు వచ్చి, నేల మీద గుంపులుగా గెంతే బూడిదరంగు పిట్టల గూళ్లలో గుడ్లు పెట్టి, అక్టోబరు నాటికి మన వైపు నుంచి చాలావరకు వెళ్లిపోతుంది. తలపై జుట్టు, నలుపు తెలుపు ఒళ్లు ఉన్న ఆ పిట్టను ఆఖరిసారి ఏ రోజు చూశారో చెప్పగలిగినవాళ్లు నాకు చాలా తక్కువమంది తగిలారు. కప్పల బెకబెకలూ అంతే. తొలివానకు చెవులు చిల్లులు పడేలా అరిచిన గుంట సెప్టెంబరులో నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు గుంట అంచున వంగి చూస్తే, గోరంత కప్పపిల్లలు నీటిలోంచి గడ్డిలోకి ఎక్కుతుంటాయి.

5. పెళ్లి బట్టలు విప్పేసినవాళ్లను పోల్చుకోవడం నేర్చుకోండి

పుస్తకాల్లో బొమ్మలన్నీ జత కట్టే కాలంలోవే. మీరు చూసే జీవం ఈ రోజుల్లో అలా ఉండదు. జూలైలో పింఛం విప్పి ఆడిన నెమలి ఆగస్టు, సెప్టెంబరుల్లో ఈకలు రాల్చేస్తుంది. పింఛం లేని మగనెమలిని ఆడదనుకునేవాళ్లు ఎందరో. మెడ నీలం చూడండి, తేలిపోతుంది. ఆడనెమలి వెంట ఈ రోజుల్లో పిల్లలుంటాయి.

పశువుల వెంట తిరిగే కొంగ తల, మెడ మీది నారింజ రంగు పోయి పూర్తిగా తెల్లబడుతుంది. జకానా పొడుగు తోక రాలిపోతుంది. బండల మీద ఎర్రని వీపుతో తల ఆడించిన మగ తొండ మళ్లీ రాతి రంగులోకి దిగుతుంది. హైదరాబాదు చుట్టూ ఉన్న నల్లరాతి గుట్టల మీద వానాకాలం మొదట్లో ఎర్రటి తొండల్ని, ఇప్పుడు అదే బండ మీద బూడిదరంగు తొండల్ని చూసి రెండు రకాలనుకోవద్దు.

గిజిగాడు వీటన్నిటికంటే మంచి పాఠం చెబుతుంది. బావి మీదికి వంగిన ఈత చెట్టుకో తుమ్మ కొమ్మకో పసుపు తల మగపిట్ట గూడు అల్లడం మొదలుపెడుతుంది. సగం అయ్యాక, టోపీ ఆకారంలో ఉండగా ఆడపిట్ట వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే మగపిట్ట కింది గొట్టం దాకా అల్లుతుంది, తర్వాత ఇంకో గూడు మొదలుపెడుతుంది. నచ్చకపోతే సగం గూడు అలాగే వేలాడుతుంది. అక్టోబరులో ఒక చెట్టుకు పూర్తయిన గూళ్లెన్ని, టోపీ దశలో ఆగినవెన్ని అని లెక్కపెడితే, ఆ ఏటి పెళ్లిళ్ల లెక్క తెలిసినట్టే. పసుపు తలలు అప్పటికి పిచ్చుక రంగుకు తిరిగి ఉంటాయి. ఖాళీ గూళ్లను వెంటనే కోసి ఇంట్లో వేలాడదీయకండి, జీనువాయి పిట్టలు వాటిని మళ్లీ వాడుకుంటాయి.

6. తూనీగలు కనపడితే కాసేపు తలెత్తి నిలబడండి

ఈ కాలంలో అందరికీ కనపడి, ఎవరూ పట్టించుకోని జీవి ఇదే. వాన వెలిసిన సాయంత్రం ఆటస్థలం మీద, పొలం మీద, చెరువు కట్ట మీద బంగారు పసుపు తూనీగలు వందల సంఖ్యలో వాలకుండా తిరుగుతుంటాయి. ఇవి వాన గుంటల్లో పుడతాయి. ఎండిపోయే నీటిలో పెరగాలి కనుక తొందరగా పెరుగుతాయి. వెచ్చటి నీటిలో ఆరేడు వారాలు చాలు. రెక్కలొచ్చాక గాలి ఎటు తీసుకుపోతే అటు బయలుదేరతాయి.

మాల్దీవుల్లో ఉండే జీవశాస్త్రజ్ఞుడు చార్లెస్ ఆండర్సన్, మంచినీటి వాగులు లేని ఆ దీవుల్లో ఏటా అక్టోబరులో లక్షలాది తూనీగలు ఎక్కడినుంచి వస్తున్నాయని వెతికారు. భారతదేశం నుంచి బయలుదేరి, మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరుతున్నాయని 2009లో ప్రతిపాదించారు. వెనక్కి తగ్గే రుతుపవనాల ఎత్తుగాలులే వాటికి వాహనం. మన ఊరి వాన గుంటలో పుట్టిన పురుగు ఆఫ్రికాలో ఇంకో వాన గుంట వెతుక్కుంటుందన్న మాట.

వాటి దారినే వాటిని తినేవాళ్లూ వస్తారు. సైబీరియా, ఉత్తర చైనా వైపు నుంచి బయలుదేరే అమూర్ డేగలు నాగాలాండ్‌లో ఆగి, ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా దక్షిణానికి పోతాయి. 2012లో నాగాలాండ్ దోయాంగ్ జలాశయం దగ్గర వీటిని వేల సంఖ్యలో వలలు వేసి చంపుతున్నారని బయటపడింది. అక్కడి గ్రామాలవాళ్లే మరుసటి ఏడు ఆ వేట ఆపేశారు. తర్వాత ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలిన డేగల వల్ల వాటి దారి తెలిసింది. నవంబరులో మన మీదుగా పోయే వేళ ఎత్తున, వేగంగా పోతాయి, దొరకడం అదృష్టం. తూనీగలు దట్టంగా ఉన్న మైదానం మీద కన్ను పెట్టి ఉంచడమే మనం చేయగలిగింది.

7. పండగ పూలకు పోయినప్పుడు పూలతో పాటు పురుగునూ చూడండి

బతుకమ్మకు గునుగు, తంగేడు కోసుకురావడానికి పిల్లలు చేలగట్లు తిరిగే రోజులివి. గునుగు పూసిన గట్టు మీద సీతాకోకచిలుకలు, తేనెటీగలు మూగి ఉంటాయి. తంగేడు చుట్టూ లేత పసుపు, తెలుపు రెక్కల సీతాకోకచిలుకలు ఎగురుతుంటే అవి పూల కోసమే వచ్చాయని అనుకోకండి. ఆకు వెనక్కి తిప్పి చూడండి, గుడ్డో ఆకుపచ్చ గొంగళిపురుగో ఉండొచ్చు. జిల్లేడు మీద నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళి కనపడితే అది కొద్ది రోజుల్లో నారింజ రంగు సీతాకోకచిలుక అవుతుంది. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో చేరడంతో పిట్టలు దాని జోలికి పోవు, అందుకే అంత తీరిగ్గా ఎగురుతుంది.

పూల మధ్య అదే రంగులో కలిసిపోయి తేనెటీగ కోసం కాచుకునే సాలీడు ఉంటుంది. కొమ్మ మీద చేతులు ముడిచి కూర్చున్న గొల్లభామా ఉంటుంది. కోసేముందు పువ్వును ఒకసారి దులపండి. తడి మట్టి మీద రెక్కలు ముడిచి గుంపుగా వాలిన సీతాకోకచిలుకలు కనపడితే తొక్కకుండా పక్కనుంచి పోండి. అవి మట్టిలోని ఉప్పులు పీల్చుకుంటున్నాయి, వాటిలో ఎక్కువ మగవే.

8. దసరా పాలపిట్టను తీగ మీద చూడండి, పంజరంలో కాదు

పాలపిట్ట, జమ్మి, తంగేడు మూడూ తెలంగాణ రాష్ట్ర చిహ్నాలు, 2014లో ప్రకటించారు. పిట్ట, చెట్టు, పువ్వు మూడింటికీ పేరు ఈ పండగ రోజుల్లోనే. ఎండాకాలంలో చెట్టు తొర్రల్లో పిల్లల్ని చేసుకున్న పాలపిట్టలు వానల తర్వాత పొలాల మీదికి చెదురుతాయి. కోతలు మొదలై మిడతలు బయటపడే వేళ కరెంటు తీగ మీద కూర్చొని కిందికి చూస్తుంటాయి. కూర్చున్నప్పుడు మట్టి రంగే. ఎగిరితేనే రెక్కల నీలం. దసరా నాడు పొద్దున్నే ఊరి బయట రోడ్డు వెంట తీగలు చూసుకుంటూ పోతే చాలావరకు కనపడుతుంది.

ఊరి బయటికి పోయే ఓపిక లేని పట్నంవాళ్ల కోసం కొందరు వాటిని జిగురు పెట్టి పట్టి, రెక్కలు కట్టి, గుడుల దగ్గర చూపించి డబ్బులు తీసుకుంటారు. ఆ పిట్టల్లో చాలావాటికి మళ్లీ ఎగిరే బలం ఉండదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. డబ్బు ఇచ్చి చూసినవాడే వచ్చే ఏడు పట్టడానికి పెట్టుబడి పెట్టినవాడు. కనపడితే అటవీ శాఖకు చెప్పండి.

9. పొద్దున మంచు, రాత్రి టార్చి

చిత్త కార్తె దాటాక తెల్లవారుజామున మంచు పడుతుంది. సూర్యుడు పైకి రాకముందు గడ్డిలో చూస్తే, ముందురోజు కనపడని సాలెగూళ్లన్నీ నీటిబొట్లతో బయటపడతాయి. సూర్యుడికి ఎదురుగా నిలబడి చూడండి. అనంతగిరి లాంటి కొండ దారుల్లో రెండు చెట్ల మధ్య బంగారు రంగు దారంతో అల్లిన పెద్ద గూడు, నడుమ అరచేయంత ఆడ సాలీడు ఉంటుంది. దాని పక్కనే ఉండే గింజంత జీవిని పిల్ల అనుకుంటారు. అది మగది.

రాత్రి చూడడానికి అడవికి పోనక్కర్లేదు. టార్చిని కంటి పక్కన, చూపుకు సమానంగా పట్టుకొని ఇంటి ముందు గడ్డి మీద వెలుగు పారించండి. నీలం, ఆకుపచ్చ కలిసిన రవ్వలు మెరిస్తే అవి మంచుబొట్లు కావు, నేల మీద తిరిగే సాలీళ్ల కళ్లు. టార్చిని నడుం దగ్గర పట్టుకుంటే ఇవి కనపడవు. వెలుగు తిరిగి మీ కంటికే రావాలి.

10. ముందు కాళ్ల కింద చూసుకోండి

గింజ పట్టింది కాబట్టి ఎలుకలొస్తాయి, ఎలుకలొచ్చాయి కాబట్టి పాములొస్తాయి. గట్ల మీద జెర్రిపోతు, నీళ్లలో నీరుకట్టె మనల్ని ఏమీ చేయవు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర మాత్రం ప్రాణం తీస్తాయి. 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అందులో సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్యే.

చీలమండ కప్పే బూట్లు, చేతిలో కర్ర, చీకటి పడితే టార్చి తప్పనిసరి. గడ్డివాములోకి, బండ సందులోకి చేయి పెట్టవద్దు. కాటు పడితే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కాటు పడ్డ కాలు కదల్చకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి. ఆ నాలుగు పాములకూ కలిపి ఒకటే విరుగుడు మందు ఉంది. పామును చంపి వెంట తీసుకుపోనక్కర్లేదు.

పెద్ద అడవులకు తొందరపడవద్దు. అమ్రాబాద్, కవ్వాల్ లాంటి పులుల అభయారణ్యాల్లో వానాకాలం సఫారీలు ఆపి, సాధారణంగా అక్టోబరులో మళ్లీ తెరుస్తారు. అప్పటికీ గడ్డి ఎత్తుగానే ఉంటుంది. మంజీరా ఒడ్డున ఎండ కాగే మొసలిని చూడాలన్నా చలి కాస్త పడ్డాక పోవడం మేలు.

11. తారీఖు, చోటు, ఏం తింటున్నదో రాసుకోండి

1931–32లో పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ అప్పటి నిజాం రాష్ట్రంలో పక్షుల సర్వే చేశారు. ఏ చోట ఏ పిట్ట ఉందో ఆనాడు రాసి పెట్టారు కాబట్టే ఇప్పుడు ఏది తగ్గింది, ఏది పెరిగిందని మాట్లాడుకోగలుగుతున్నాం. అంత పెద్ద పని మనకు అక్కర్లేదు. పసుపు పొట్ట కాటుకపిట్ట మొదట కనపడిన రోజు, చాతకం ఆఖరున కనపడిన రోజు, తూనీగలు గుంపు కట్టిన సాయంత్రం. ఈ మూడూ ఏటా రాస్తే చాలు, పదేళ్లకు మీ ఊరికో పంచాంగం తయారవుతుంది.

పిల్లలు తాము చూసిన పిట్టల లెక్కను ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తున్నారు, మంచిదే. పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ చెప్పిన పేరును మాత్రం కంటితో చూసి ఖాయం చేసుకున్నాకే రాయమంటాను. పేరు పక్కన అది ఆ క్షణాన ఏం చేస్తుందో, ఏం తింటుందో కూడా రాయండి. తిండి రాసుకున్నవాడికి మళ్లీ ఏడు ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది.

12. చూసినవాడు కొంత తిండి మిగల్చాలి

తిండి ఉన్నచోటికే జీవాలు వస్తాయన్నది ఒప్పుకుంటే, రెండో సగమూ ఒప్పుకోవాలి. తిండి తీసేస్తే అవి రావు. గట్ల మీద గడ్డిమందు కొట్టి నున్నగా చేస్తే గునుగు పోతుంది, గునుగుతో పాటు సీతాకోకచిలుకలు పోతాయి. పురుగు కనపడిన రోజే మందు కొడితే దాన్ని తినే గొల్లభామ, సాలీడు, తూనీగ ముందు చస్తాయి. వాన గుంట పూడ్చితే కప్ప, తూనీగ రెండింటి ఊయలా పోయినట్టే.

రైతులకు నేను చెప్పే లెక్క చిన్నది. గట్టు మీద మూరెడు వెడల్పు గడ్డి కోయకుండా కార్తీకం దాకా వదలండి. చేలో అక్కడక్కడా పిట్టలు వాలడానికి కొయ్యలు పాతండి, ఏట్రింత వాలి శనగపచ్చ పురుగును ఏరుతుంది. పురుగు నష్టం చేసే మోతాదుకు చేరిందో లేదో లెక్కపెట్టాకే మందు తీయండి. పట్నంలో ఉన్నవాళ్లు డాబా మీద ఒక మట్టి పళ్లెంలో నీళ్లు, కుండీలో ఒక తంగేడు మొక్క పెట్టండి. కాలనీలో ఖాళీ స్థలం ఉంటే అక్కడి జిల్లేడును పీకించకండి.

ఇవి చేశాక వచ్చే భాద్రపదంలో ఎక్కడ చూడాలని నన్ను అడగనక్కర్లేదు. మీ గట్టు మీదే, మీ డాబా మీదే మొదలుపెట్టండి.